సర్వేల్లో వెనకబడ్డ గవర్నర్లు: అమెరికా రాష్ట్రాల్లో రెండోసారి గెలుపు లెక్కలు

అమెరికాలోని 50 రాష్ట్రాల గవర్నర్లనూ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మన దేశంలోని గవర్నరుకూ ఆ పదవికీ పేరులో తప్ప పోలిక లేదు. బడ్జెట్టు, పన్నులు, బడులు, జైళ్లు, రోడ్లు అన్నీ అమెరికా గవర్నరు చేతి మీదుగా నడుస్తాయి కాబట్టి, అది మన ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది. ఒక తేడా మాత్రం పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఓటరు ఎమ్మెల్యేకి ఓటేస్తాడు, ఎమ్మెల్యేల లెక్కను బట్టి ముఖ్యమంత్రి వస్తాడు. ప్రభుత్వం మీద కోపం కనిపిస్తే అభ్యర్థులను మార్చి కొంత తప్పించుకోవచ్చని పార్టీలు ఆశపడతాయి. 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ అధికార పక్షం చాలా నియోజకవర్గాల్లో చేసింది అదే, ఫలితం మాత్రం దక్కలేదు. అమెరికా గవర్నరుకు ఆ చాటు కూడా లేదు. బ్యాలెట్ మీద ఉండేది ఆయన పేరే. చట్టసభ ఎన్నిక వేరు, ఆయన ఎన్నిక వేరు.

న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్‌లలో పదవీకాలం రెండేళ్లు, మిగతా రాష్ట్రాల్లో నాలుగేళ్లు. వర్జీనియాలో వరసగా రెండోసారి పోటీ చేయడానికే వీల్లేదు. 36 రాష్ట్రాల్లో ఈ ఎన్నిక అధ్యక్షుడి పదవీకాలం నడుమ వస్తుంది. అందువల్ల గవర్నరు మంచిచెడ్డలతో పాటు వాషింగ్టన్‌లో ఎవరున్నారన్నది కూడా ఓటు మీద పనిచేస్తుంది.

పోటీ చేసిన గవర్నర్లు ఎక్కువగా గెలుస్తారు. ఇటీవలి దశాబ్దాలు చూస్తే రెండోసారి బరిలోకి దిగినవాళ్లలో నాలుగింట మూడొంతులకు మించి గెలిచారు. 2022 నవంబరులో పదవిలో ఉంటూ ఓడిన గవర్నరు ఒక్కరే, నెవాడాలో స్టీవ్ సిసొలాక్. అయితే ఈ లెక్క కొంత మోసం చేస్తుంది. గెలవలేమని ముందే తెలిసినవాళ్లు అసలు పోటీకే దిగరు. కత్రినా తుఫాను తర్వాత ఆదరణ పోగొట్టుకున్న లూసియానా గవర్నరు క్యాథ్లీన్ బ్లాంకో 2007లో తప్పుకున్నారు. నార్త్ కరోలినాలో బెవ్ పెర్డ్యూ 2012లో, రోడ్ ఐలండ్‌లో లింకన్ చేఫీ 2014 ఎన్నికకు ముందు అదే దారి పట్టారు. 1991లో కనెక్టికట్‌కు ఆదాయపు పన్ను తెచ్చిన లోవెల్ వైకర్ 1994లో మళ్లీ నిలబడలేదు. కాబట్టి ఓటమి పట్టికలో కనిపించేవాళ్లకంటే ప్రజలు వద్దనుకున్నవాళ్ల సంఖ్య ఎక్కువే.

సర్వే సంస్థలు గవర్నరు గురించి రెండు రకాల ప్రశ్నలు వేస్తాయి. ఆయన పనితీరు నచ్చిందా లేదా అన్నది ఒకటి. రేపు ఎన్నిక జరిగితే ఫలానా ప్రత్యర్థి మీద ఆయనకు ఓటేస్తారా అన్నది రెండోది. పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేది ఎక్కువగా మొదటిదాని జవాబు. దాన్ని రెండోదాని జవాబుగా చదువుకోవడం వల్లే అంచనాలు ఎక్కువసార్లు తప్పాయి. పనితీరు నచ్చలేదన్నవాళ్లలో రెండు రకాలవాళ్లు ఉంటారు. ఎదుటి పార్టీవాళ్లు ఎప్పుడూ నచ్చలేదనే అంటారు. సొంత పార్టీవాళ్లు విసుగుతో నచ్చలేదంటారు గానీ, పోలింగ్ నాటికి చాలామంది సొంత గూటికే చేరతారు.

కాన్సాస్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడి గవర్నరు శామ్ బ్రౌన్‌బ్యాక్ 2012లో ఆదాయపు పన్నును భారీగా తగ్గించారు. పన్ను తగ్గితే వ్యాపారం పుంజుకుని రాబడి దానంతటదే పెరుగుతుందని ఆయన వాదన. రాబడి పడిపోయింది, బడులకు డబ్బు చాలలేదు. 2014 వేసవిలో ఆయన పార్టీకే చెందిన మాజీ, తాజా రిపబ్లికన్ నాయకులు 100 మందికి పైగా డెమోక్రాట్ అభ్యర్థి పాల్ డేవిస్‌కు బహిరంగంగా మద్దతు ప్రకటించారు. చివరి వారాల సర్వేలు కూడా డేవిస్‌నే స్వల్పంగా ముందు నిలిపాయి. నవంబరులో బ్రౌన్‌బ్యాక్ నాలుగు పాయింట్లకు కాస్త తక్కువ తేడాతో గెలిచారు. ఆయన్ను తిట్టిన రిపబ్లికన్ ఓటర్లలో తగినంతమంది ఆ రోజు ఆయనకే వేశారు. విచిత్రమేమిటంటే ఆ పన్ను కోతను 2017లో రద్దు చేసింది కూడా రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న చట్టసభే, అదీ గవర్నరు వీటోను తోసిరాజని. ఓటర్లకు ఆయన విధానం నచ్చలేదన్న సర్వేల మాట నిజమే. దాని కోసం పార్టీ మారి ఓటేస్తారన్న లెక్కే తప్పింది.

కోపం ఎంత ఉందన్నదానికంటే అది దేని మీద కోపం, ఎన్నిక దాకా నిలుస్తుందా అన్నది ముఖ్యం. న్యూ జెర్సీలో పద్నాలుగేళ్ల తేడాతో ఇద్దరు డెమోక్రాట్ గవర్నర్లు దాదాపు ఒకే పని చేశారు. ఫలితాలు మాత్రం వేరు. మొదటివారు బ్రెండన్ బర్న్. పేద ప్రాంతాల బడులకు నిధులు చాలడంలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1973లో తీర్పు ఇచ్చింది. చట్టసభ నాన్చింది. చివరికి 1976 జూలైలో కోర్టు బడుల ఖర్చే ఆపించింది. ఆ ఒత్తిడిలో రాష్ట్రానికి మొట్టమొదటి ఆదాయపు పన్ను వచ్చింది. ఆ సంతకం బర్న్‌ది. జనం ఆయనకు ‘వన్ టర్మ్ బర్న్’ అని పేరు పెట్టారు, అంటే ఒక్కసారికే సరి అని. 1977 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత పార్టీవాళ్లే గుంపుగా ఆయన మీదకు వచ్చారు. ఆ గుంపువల్లే ఓట్లు చీలి, కేవలం 30 శాతం ప్రాంతం ఓట్లతో ఆయన టికెట్ దక్కించుకున్నారు.

ఆ తర్వాత కథ మారింది. కొత్త పన్నుతో ముడిపెట్టిన ఆస్తి పన్ను రాయితీ చెక్కులు ఎన్నికల ఏడాదిలో ఇంటి యజమానుల చేతికి అందాయి. పన్నంటే పోయే డబ్బనే అనుకున్న కుటుంబానికి టపాలో చెక్కు రావడం మాటల్లో చెప్పే ప్రచారం కాదు. ఇటు రిపబ్లికన్ అభ్యర్థి రేమండ్ బేట్‌మన్ ఆదాయపు పన్ను తీసేస్తానన్నారు. తీసేస్తే ఆ డబ్బు ఎక్కడనుంచి తెస్తారన్న ప్రశ్నకు, మాజీ కేంద్ర ఆర్థికమంత్రి విలియం సైమన్ సాయంతో ఒక పథకం రాయించి విడుదల చేశారు. దాని లెక్కలు నిలబడలేదు. అప్పటిదాకా బర్న్ పాలన మీద సాగిన చర్చ బేట్‌మన్ లెక్కల మీదకు మళ్లింది. బర్న్ దాదాపు 56 శాతం ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థి చేత నోరు విప్పించగలిగితే ఆదరణ లేని గవర్నరుకు సగం పని అయినట్టే.

రెండోవారు జిమ్ ఫ్లోరియో. 1989లో 61 శాతం ఓట్లతో ఘనంగా వచ్చారు. మరుసటి ఏడాదే లోటు పూడ్చడానికీ, బడుల మీద కోర్టు తీర్పు అమలుకూ కలిపి 280 కోట్ల డాలర్ల పన్నులు వేశారు. అమ్మకం పన్ను 6 నుంచి 7 శాతానికి పెరిగింది. అంతవరకు మినహాయింపు ఉన్న కాగితపు సరుకులు, టాయిలెట్ పేపరుతో సహా, ఆ పన్ను కిందికి వచ్చాయి. నిరసనకారులకు ఇంతకంటే మంచి జెండా దొరకదు. టాయిలెట్ పేపరు చుట్టలే ఊరేగింపుల గుర్తయ్యాయి. 280 కోట్లు ఎంతో ఎవరికీ ఊహకందదు, బజారు సంచిలో సరుకు మీద పడ్డ పన్ను ప్రతి వారం కనబడుతుంది. ఆయన ఆదరణ 20 శాతం అటూ ఇటూకు పడిపోయింది. 1991లో చట్టసభ రెండు సభలనూ డెమోక్రాట్లు కోల్పోయారు. కొత్త రిపబ్లికన్ మెజారిటీ అమ్మకం పన్నును మళ్లీ 6 శాతానికి తగ్గించింది.

ఇక్కడ ఒక వింత జరిగింది. పన్ను తగ్గాక కోపం కూడా చల్లారసాగింది. 1993 శరత్కాలానికి సర్వేలు ఫ్లోరియోనే ముందు చూపాయి. ప్రత్యర్థి క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ ఆదాయపు పన్నును 30 శాతం తగ్గిస్తానన్నప్పుడు అది కూడా బేట్‌మన్ పథకంలాగే నవ్వులపాలవుతుందని చాలామంది అనుకున్నారు. ఆమె దాదాపు 26 వేల ఓట్లతో గెలిచింది. అంటే ఆదరణ అట్టడుగుకు పడిన గవర్నరు సైతం ఒక శాతం దూరం దాకా వచ్చి ఆగిపోయాడు. బర్న్‌కూ ఫ్లోరియోకూ తేడా పన్ను బరువులో కంటే దానికి బదులుగా చేతికి ఏం తిరిగొచ్చిందన్నదాంట్లో ఉంది. బర్న్ హయాంలో ఇంటింటికీ చెక్కు వచ్చింది. ఫ్లోరియో హయాంలో తిరిగొచ్చినది ఎదుటి పార్టీ తగ్గించిన ఒక శాతం, ఆ పేరూ వాళ్లకే దక్కింది.

ప్రత్యర్థి ఎవరన్నది అదృష్టానికి వదలకుండా తామే ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. 2000-01 విద్యుత్ సంక్షోభంతో కాలిఫోర్నియా గవర్నరు గ్రే డేవిస్ పేరు దెబ్బతింది. 2002లో ఆయనకు నిజమైన భయం లాస్ ఏంజెలిస్ మాజీ మేయరు, మితవాద రిపబ్లికన్ రిచర్డ్ రియోర్డన్. సర్వేల్లో రియోర్డనే ముందున్నాడు. డేవిస్ సొంత పార్టీ ప్రైమరీలో తనకు గట్టి పోటీ లేకపోవడంతో, దాదాపు కోటి డాలర్లు ఖర్చుపెట్టి ఎదుటి పార్టీ ప్రైమరీలో రియోర్డన్‌కు వ్యతిరేకంగా టీవీ ప్రకటనలు వేయించారు. రిపబ్లికన్లు రియోర్డన్‌ను పక్కనపెట్టి, అనుభవం లేని వ్యాపారి బిల్ సైమన్‌ను నిలబెట్టారు. బేట్‌మన్‌కు పథకం రాసిపెట్టిన ఆర్థికమంత్రి కొడుకే ఈ సైమన్. ఆదరణ లేని డెమోక్రాట్ గవర్నర్లను గట్టెక్కించడం ఆ ఇంటికి రెండు తరాల పనైంది. డేవిస్ 47 శాతం ఓట్లతో, ఐదు పాయింట్ల తేడాతో గెలిచారు. ఈ ఎత్తుగడ ఏడాదిలోపే ఎలా బెడిసికొట్టిందో, గవర్నరును మధ్యలోనే దించే రీకాల్ ఎన్నిక ప్రస్తావనలో వస్తుంది.

ఓట్లు చీలడం ఇంకో దారి. మెయిన్ రాష్ట్రంలో పాల్ లెపేజ్ 2010లో 38 శాతం కూడా రాకుండానే గవర్నరయ్యారు. మిగతా ఓట్లు డెమోక్రాట్‌కూ, స్వతంత్రుడు ఎలియట్ కట్లర్‌కూ మధ్య చీలాయి. 2014లో కూడా కట్లర్ బరిలో ఉన్నారు. లెపేజ్ 48 శాతంతో మళ్లీ గెలిచారు. మెయిన్ ఓటర్లు విసిగి 2016లో ప్రాధాన్యక్రమపు ఓటు పద్ధతిని ఆమోదించారు. అయితే రాష్ట్ర రాజ్యాంగం ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారంటోంది గనక గవర్నరు సాధారణ ఎన్నికకు ఆ పద్ధతి వర్తించలేదు.

లూసియానాలో అన్ని పార్టీలవాళ్లూ ఒకే తొలి రౌండులో పోటీపడతారు, ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరు చివరి రౌండుకు వెళ్తారు. ఆదరణ తగ్గిన గవర్నరుకు ఇది గొంతు మీద కత్తి. 1991లో గవర్నరు బడ్డీ రోమర్ మూడోస్థానానికి జారి తొలి రౌండులోనే ఇంటిదారి పట్టారు. మిగిలినవాళ్లు అవినీతి ఆరోపణలు మోసిన మాజీ గవర్నరు ఎడ్విన్ ఎడ్వర్డ్స్, కు క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్. దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం అన్న స్టిక్కర్లు ఆనాడు కార్ల వెనక కనిపించాయి. ఎడ్వర్డ్స్ భారీగా గెలిచారు. నాలుగేళ్ల ముందు ఇదే ఎడ్వర్డ్స్, పదవిలో ఉంటూ, రోమర్ వెనక రెండోస్థానంలో నిలిచి పోటీనుంచి తప్పుకున్నవాడు. ఓటర్లు ఎడ్వర్డ్స్ మీద మనసు మార్చుకున్నారనడానికి ఆధారం తక్కువ. వాళ్ల ముందున్న రెండోపేరు మారింది.

సర్వేలు సాధారణ ఎన్నిక గురించి మాట్లాడుతుంటే కొందరికి ప్రమాదం ఇంటి పోరులోనే వస్తుంది. అలాస్కా గవర్నరు ఫ్రాంక్ మర్కౌస్కీ తన సెనెట్ సీటులో కూతురినే నియమించారు, వద్దన్నా వినకుండా ప్రభుత్వానికి జెట్ విమానం కొన్నారు. 2006 రిపబ్లికన్ ప్రైమరీలో మూడోస్థానంలో నిలిచారు. గెలిచింది సారా పేలిన్. హవాయిలో నీల్ అబర్‌క్రాంబీ 2014 డెమోక్రాట్ ప్రైమరీలో, పెద్దగా పేరులేని డేవిడ్ ఇగే చేతిలో రెండింతలకు మించిన తేడాతో ఓడారు.

నాలుగేళ్లకు అదే గండం ఇగేకూ వచ్చింది. 2018 జనవరి 13న క్షిపణి వస్తోందన్న తప్పుడు హెచ్చరిక రాష్ట్రమంతా ఫోన్లకు వెళ్లింది. అది తప్పని ఫోన్లకు సవరణ వెళ్లడానికి 38 నిమిషాలు పట్టింది. ట్విటర్‌లో వెంటనే ఎందుకు చెప్పలేదంటే, తన ఖాతా లాగిన్ వివరాలు తనకు తెలియవని గవర్నరు చెప్పుకోవాల్సి వచ్చింది. మార్చి సర్వేలో ఆయన ప్రైమరీ ప్రత్యర్థి కొలీన్ హనబూసా కంటే దాదాపు 20 పాయింట్లు వెనకబడ్డారు. అయితే ఏప్రిల్‌లో కవాయి దీవిలో వరదలు, మేలో కిలావెయా అగ్నిపర్వతం పేలుడు వచ్చాయి. ప్రతిరోజూ టీవీలో సహాయక పనుల మధ్య కనిపించిన ఇగే ఆగస్టు ప్రైమరీలో గెలిచారు. ఒక విపత్తులో పోయిన పరువు ఇంకో విపత్తులో తిరిగి రావడం ఏ ప్రచార సలహాదారూ రాయగల ప్రణాళిక కాదు.

పార్టీ బలం కాపాడలేని ఓటమి కూడా ఉంది. 2019లో కెంటకీ గవర్నరు మాట్ బెవిన్‌ది అలాంటిది. డోనాల్డ్ ట్రంప్ 2016లో దాదాపు 30 పాయింట్ల ఆధిక్యంతో గెలిచిన రాష్ట్రం అది. 2018 మార్చిలో, మురుగునీటి వ్యవస్థ గురించి ఉన్న ఒక చిన్న బిల్లులోని పాఠం మొత్తం తీసేసి, దాని స్థానంలో ఉపాధ్యాయుల పింఛను మార్పులు పెట్టి, కొన్ని గంటల్లో చట్టసభ ఆమోదించింది. ఉపాధ్యాయులు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టి రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలివచ్చారు, బడులు మూతపడ్డాయి. బడి లేక ఇంట్లో మిగిలిన పిల్లలెవరో ఆ రోజు లైంగిక దాడికి గురై ఉంటారని బెవిన్ విలేకరులతో అన్నారు. తర్వాత క్షమాపణ చెప్పినా ఆ మాట ఉపాధ్యాయులు మరవలేదు. దొడ్డిదారి పద్ధతిని తప్పుపడుతూ రాష్ట్ర సుప్రీంకోర్టు డిసెంబరులో ఆ చట్టాన్ని కొట్టేసింది. కోర్టుకు వెళ్లింది అటార్నీ జనరల్ ఆండీ బెషియర్. మరుసటి ఏడాది ఎన్నికలో ఎదురు నిలబడిందీ ఆయనే, లెఫ్టినెంట్ గవర్నరు అభ్యర్థిగా బడి నడిపిన అనుభవమున్న జాక్వెలిన్ కోల్‌మన్‌ను వెంటబెట్టుకుని.

అక్టోబరు సర్వే ఒకటి ఇద్దరినీ 46 శాతంతో సమానంగా చూపింది. పోలింగ్ ముందురోజు ట్రంప్ లెక్సింగ్టన్ వచ్చి సభ పెట్టారు. బెవిన్ 5,136 ఓట్లతో ఓడారు. అదే రోజు రాష్ట్రస్థాయి మిగతా పదవులన్నీ రిపబ్లికన్లే గెలుచుకున్నారు. ఓటర్లు పార్టీని తిరస్కరించలేదు, ఒక మనిషిని పక్కన పెట్టారు. పన్ను కోపం చెక్కుతో చల్లారవచ్చు గానీ, ప్రతి ఊళ్లోనూ ఉండే, ప్రతి ఇంటికీ తెలిసిన వృత్తివాళ్లను అవమానించిన మాట చల్లారదు. అయినా అంత కోపంతో కూడా తేడా అర శాతం లోపే వచ్చిందంటే, పార్టీ విధేయత ఎంత బరువో తెలుస్తుంది.

గాలివాటం లెక్క కూడా చూడాలి. 2014 రిపబ్లికన్లకు అనుకూలమైన ఏడు. బ్రౌన్‌బ్యాక్, లెపేజ్, ఫ్లోరిడాలో రిక్ స్కాట్ ఆ గాలిలోనే గట్టెక్కారు. ప్రత్యర్థి చార్లీ క్రిస్ట్ తన కాళ్ల దగ్గర చిన్న ఫ్యాను పెట్టుకున్నాడని స్కాట్ అలిగి, టీవీ చర్చకు కొన్ని నిమిషాలు వేదిక ఎక్కలేదు. అయినా ఒక శాతం తేడాతో గెలిచారు. అదే ఏడు పెన్సిల్వేనియాలో టామ్ కార్బెట్ రిపబ్లికన్ అయ్యుండీ దాదాపు పది పాయింట్ల తేడాతో ఓడారు. వరసగా రెండోసారి పోటీకి రాజ్యాంగం వీలు కల్పించిన తర్వాత ఆ రాష్ట్రంలో ఓడిన తొలి గవర్నరు ఆయనే. బడుల నిధుల కోత ఆయనను వెంటాడింది, సర్వేలు ఏడాది పొడవునా అదే చెప్పాయి. ఒకట్రెండు పాయింట్ల వెనకబాటు తుడిచిపెట్టుకుపోవచ్చు. నెలల తరబడి రెండంకెల వెనకబాటు చాలా అరుదుగా తప్పుతుంది.

సర్వేల తప్పులకు దిశ ఉండదు. 600 మందిని అడిగిన సర్వేలో నాలుగు పాయింట్ల అటూ ఇటూ మామూలే. ఎవరు నిజంగా ఓటుకు వస్తారన్న అంచనా దానికి తోడవుతుంది. పదవిలో ఉన్నవాళ్లు 50 శాతం లోపు ఉంటే ఎటూ తేల్చుకోనివాళ్లంతా ప్రత్యర్థికే వేస్తారన్న సూత్రం ఒకప్పుడు బాగా చెలామణి అయింది. అయితే 2010లో ఇల్లినాయ్ గవర్నరు ప్యాట్ క్విన్ సర్వేల్లో వెనకబడి కూడా 102 కౌంటీల్లో కేవలం నాలుగింటిలో ఆధిక్యంతో గెలిచారు. షికాగో ఉన్న కుక్ కౌంటీ ఒక్కటే మిగతా లోటంతా పూడ్చింది. ఆ తర్వాత 2011 జనవరిలో వ్యక్తుల ఆదాయపు పన్ను 3 నుంచి 5 శాతానికి పెంచారు. 2014లో కుక్ కౌంటీ ఒక్కటే మిగిలింది, అది చాల్లేదు. ఆయన్ను ఓడించిన బ్రూస్ రౌనర్ రెండేళ్లకు పైగా బడ్జెట్టు లేకుండా రాష్ట్రాన్ని నడిపి, 2018లో 39 శాతం ఓట్లతో దిగిపోయారు.

లెక్కింపు ముగిసినా తేలని సందర్భం ఒకటుంది. వెర్మాంట్‌లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే చట్టసభ ఎన్నుకోవాలి. ఆరోగ్య బీమా వెబ్‌సైట్ వైఫల్యంతో దెబ్బతిన్న పీటర్ షమ్లిన్‌కు 2014లో 46 శాతమే వచ్చింది. 2015 జనవరిలో చట్టసభ 110-69 ఓట్లతో ఆయనకే పదవి ఇచ్చింది. ఈ లోపే, డిసెంబరులో, తన ప్రధాన హామీ అయిన ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాన్ని ఆయన వదిలేశారు. మళ్లీ పోటీ చేయలేదు.

గెలిచినా పదవి ఖాయం కాని రాష్ట్రాలు దాదాపు 20. అక్కడ తగినన్ని సంతకాలు సేకరిస్తే మధ్యలోనే రీకాల్ ఎన్నిక పెట్టవచ్చు. కాలిఫోర్నియాలో కావలసిన సంతకాలు గత ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతం. 2002లో ఇద్దరు అభ్యర్థులూ నచ్చక జనం పోలింగ్‌కు పెద్దగా రాలేదు గనక ఆ సంఖ్య తగ్గి 9 లక్షల లోపుకు దిగింది. డేవిస్ తన ప్రత్యర్థిని బలహీనుణ్ని చేసుకున్న ఎన్నికే తనను దించే పనిని సులువు చేసింది. 2003 అక్టోబరులో 55 శాతం మంది ఆయన్ను వద్దన్నారు, 135 మంది అభ్యర్థుల్లో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ గెలిచారు. విస్కాన్సిన్‌లో స్కాట్ వాకర్ ప్రభుత్వోద్యోగ సంఘాల బేరసారాల హక్కులు తగ్గించి 2012లో రీకాల్ ఎదుర్కొని, అమెరికాలో దాన్ని తట్టుకున్న తొలి గవర్నరయ్యారు. 2014లో మళ్లీ గెలిచారు. 2017లో, ఓడిన అభ్యర్థి ఒక శాతం లోపు తేడా ఉంటేనే రీకౌంట్ అడగవచ్చన్న చట్టం మీద సంతకం చేశారు. 2018లో టోనీ ఎవర్స్ చేతిలో ఆయన ఓడిన తేడా 1.1 శాతం.